అమ్మమ్మకు చెప్పగలిగితే ఆగస్టులో రాయించండి

ప్రశ్న: మేము 18 ఏళ్ళుగా టెక్సస్‌లో, ఆస్టిన్ శివారులో ఉంటున్నాము. మా అబ్బాయికి 15 ఏళ్ళు. మే నెలలో పదో తరగతి పూర్తయింది, స్కూల్లో అన్నీ ఎ గ్రేడ్లే. మా ఆడపడుచు కొడుకు కాలేజీలో చేరకముందే క్లెప్ పరీక్షలు (సబ్జెక్టును సొంతంగా చదివి రాస్తే కాలేజీ క్రెడిట్ తెచ్చిపెట్టే కాలేజ్ బోర్డ్ పరీక్షలు) రాసి ఒక సెమిస్టరుకు సరిపడా క్రెడిట్లు సంపాదించాడని తెలిసినప్పటి నుంచి, మా వాడి చేత కూడా ఈ వేసవిలో అమెరికన్ గవర్నమెంట్ క్లెప్ రాయించాలని మావారు పట్టుబడుతున్నారు. వాడు మోడర్న్ స్టేట్స్ అనే సంస్థ వారి ఉచిత కోర్సును ఆరు వారాల్లో ముగించాడు. క్విజ్‌లు మళ్ళీ మళ్ళీ రాసి కావలసిన మార్కులు తెచ్చుకున్నాడు, పరీక్ష ఫీజుకు వోచరు కూడా వచ్చింది. మావారు కొన్నేళ్ళ క్రితం పౌరసత్వం ఇంటర్వ్యూ కోసం తాను చదువుకున్న వంద ప్రశ్నలూ అడిగితే వాడు తడుముకోకుండా అన్నింటికీ సమాధానం చెప్పాడు. అయినా నాకు ధైర్యం చాలడం లేదు. తప్పితే వాడి రికార్డులో మచ్చగా మిగిలిపోతుందేమోనని భయం. ఇండియా నుంచి మా అమ్మ వచ్చి ఉన్నారు. ఆవిడేమో "పిల్లవాణ్ణి సెలవుల్లో కూడా ఊపిరి తీసుకోనివ్వరా" అంటున్నారు. వాడు సిద్ధంగా ఉన్నాడో లేదో మేము ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీ అబ్బాయి సిద్ధంగా ఉన్నాడనడానికి మీ ఉత్తరంలో మూడు సాక్ష్యాలు కనిపిస్తున్నాయి: స్కూలు గ్రేడ్లు, వోచరు, పౌరసత్వ ప్రశ్నలు. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ అతడు సిద్ధంగా లేడని చెప్పడం లేదు గానీ, సిద్ధంగా ఉన్నాడని కూడా చెప్పడం లేదు. చెప్పగల సాక్ష్యం వేరే ఉంది. అతడు ఇంతవరకు చూడని పూర్తి ప్రశ్నపత్రాన్ని, పక్కన పుస్తకం గానీ ఫోను గానీ లేకుండా, గడియారం పెట్టుకుని 90 నిమిషాలు ఒక్కడే కూర్చుని రాశాడా అన్నది మీరు ఎక్కడా రాయలేదు. రాసి ఉండడనే అనుకుంటున్నాను, ఎందుకంటే రాసి ఉంటే మీ ప్రశ్న మరోలా ఉండేది. అంతకంటే ముందు చేయదగిన పరీక్ష మరొకటి కూడా ఉంది, దానికి కావలసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా మీ భయం. క్లెప్ పరీక్ష తప్పడం వల్ల పిల్లవాడి స్కూలు గ్రేడ్లకు గానీ, రేపటి కాలేజీ జీపీఏకు గానీ ఏమీ కాదు. మార్కులు 20 నుంచి 80 వరకు ఉండే కొలమానం మీద వస్తాయి. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ ఈ పరీక్షకు 50 వస్తే క్రెడిట్ ఇవ్వవచ్చని సిఫారసు చేస్తుంది, ఆ పైన ఏ సంఖ్య అంగీకరించాలన్నది ఆయా కాలేజీల ఇష్టం. స్కోరు ఏ కాలేజీకి పంపాలో ఎంచుకునేది విద్యార్థే. పదో తరగతి పిల్లవాడు ఇప్పుడే ఏ కాలేజీనీ ఎంచుకోనవసరం లేదు. మంచి మార్కులు వస్తే వాటిని కాలేజ్ బోర్డ్ 20 ఏళ్ళ పాటు దాచి ఉంచుతుంది కాబట్టి, చేరే చోటు ఖాయమైన తర్వాత చిన్న రుసుము కట్టి పంపించుకోవచ్చు. తప్పితే అదే పరీక్ష మళ్ళీ రాయడానికి మూడు నెలలు ఆగాలి. జరిగే నష్టం అంతే: ఒక వోచరు, ఒక పూట, కొంచెం చిన్నబుచ్చుకోవడం. మీరు మచ్చ అని భయపడుతున్నది నిజానికి డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్లో ఉండగానే తీసుకునే కాలేజీ తరగతులు) విషయంలో నిజం. కమ్యూనిటీ కాలేజీ తరగతిలో పేరు నమోదు చేసుకుని సి గ్రేడ్ తెచ్చుకుంటే అది కాలేజీ ట్రాన్స్క్రిప్టు మీద శాశ్వతంగా ఉంటుంది, తర్వాత వైద్యవిద్యకు దరఖాస్తు చేసేటప్పుడు కూడా చూపించాల్సి వస్తుంది. మన వాళ్ళు చాలామంది దాన్ని తేలికగా తీసుకుని, క్లెప్ చూసి భయపడుతుంటారు.

అలాగని నష్టం లేదు కదా అని తొందరపడి పంపించమని నేను అనను. పదిహేనేళ్ళ వయసులో, తనంతట తాను చదువుకుని వెళ్ళిన మొదటి పెద్ద పరీక్షలో 43 చూసుకుని వచ్చిన పిల్లవాడు ఆ తర్వాత ఏమీ తనంతట తాను చదవడానికి ఇష్టపడకపోవచ్చు. మా అమ్మాయి విషయంలో నేను ఆ పొరపాటు చేశాను. పుస్తకం పక్కన పెట్టుకుని చేసిన అభ్యాస ప్రశ్నల మార్కులు చూసి, ఆమె సిద్ధమైపోయిందని నేనే తేల్చి, నేనే తేదీ తీసుకున్నాను. ఫలితం వచ్చిన రోజు ఆమె ఏడవలేదు, నన్ను ఏమీ అనలేదు, ఆ పుస్తకాన్ని మాత్రం తీసుకెళ్ళి గరాజ్‌లో పెట్టేసింది. అందువల్ల మీ తటపటాయింపును నేను పిరికితనం అనుకోవడం లేదు.

ఇప్పుడు పరీక్ష సంగతి. అమెరికన్ గవర్నమెంట్ క్లెప్‌లో సుమారు 100 ప్రశ్నలు ఉంటాయి, సమయం 90 నిమిషాలు. అంటే ఒక్కొక్క ప్రశ్నకు 54 సెకన్లు. ప్రతి ప్రశ్నకూ అయిదు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమంటారు. తప్పు రాస్తే మార్కు తగ్గించరు. ప్రెసిడెంటు పదవి, కాంగ్రెస్ అనే ఇక్కడి చట్టసభ, ప్రభుత్వ శాఖల యంత్రాంగం కలిపి 30 నుంచి 35 శాతం ఉంటాయి. రాజ్యాంగ మూలాలు, ఫెడరల్ కోర్టులతో పాటు పౌర హక్కులు, పార్టీలతో పాటు ప్రయోజన సమూహాలు, ప్రజల రాజకీయ అభిప్రాయాలూ ప్రవర్తనా అనే మిగిలిన నాలుగు భాగాలు ఒక్కొక్కటి 15 నుంచి 20 శాతం చొప్పున ఉంటాయి. ఈ చివరి రెండు భాగాలనూ కలిపి చూడండి. పరీక్షలో దాదాపు మూడో వంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, రాజ్యాంగం పుస్తకంలో ఎక్కడా కనిపించని విషయాల మీద వస్తుంది. మనిషికి పార్టీ అభిమానం ఎక్కడి నుంచి అబ్బుతుంది, ఎవరు ఎక్కువగా ఓటు వేస్తారు, ఒక సంఘంలో చందా కట్టని వాళ్ళు కూడా దాని ఫలాలు అనుభవిస్తుంటే ఆ సంఘం ఎలా నిలబడుతుంది, పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికల్లో గెలిచే అభ్యర్థి సాధారణ ఎన్నికల్లో ఎందుకు ఇబ్బంది పడతాడు వంటివి అవి. టెక్సస్ స్కూళ్ళలో ప్రభుత్వ వ్యవస్థ పాఠం మామూలుగా పన్నెండో తరగతిలో అర్ధ సంవత్సరం చెబుతారు, అమెరికా చరిత్ర పదకొండులో వస్తుంది. మీ అబ్బాయి ఈ రెండూ ఇంకా చదవలేదు. ఆరు వారాల వీడియో పాఠాల మీద అతడు మోయబోయే బరువు ఎంతో దీన్ని బట్టి తెలుస్తుంది. అతడి ఎ గ్రేడ్లు అతడు శ్రద్ధగల విద్యార్థి అని చెబుతున్నాయి, అది చిన్న విషయం కాదు. అయితే అవి వేరే సబ్జెక్టుల గ్రేడ్లు.

మీ వారి వంద ప్రశ్నల విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన కుటుంబాల్లో ఈ పొరపాటు చాలా సహజం. ఆయన చదివిన నాటి పద్ధతిలో జాబితాలోని 100 ప్రశ్నల నుంచి అధికారి పది వరకు నోటితో అడిగేవారు, ఆరింటికి సరైన జవాబు చెబితే సరిపోయేది. సెనేటర్లు ఎంతమంది అంటే వందమంది. సుప్రీంకోర్టు ఏం చేస్తుంది అంటే చట్టాలను సమీక్షిస్తుంది. అవి తెలియాల్సినవే, వాటిని నేను తక్కువ చేయడం లేదు. క్లెప్ అడిగేది ఆ తర్వాతి మాట. వందమంది సెనేటర్లలో 55 మంది సమర్థించే బిల్లు కూడా ఎందుకు ఆగిపోతుంది? చర్చను ముగించడానికి 60 ఓట్లు కావాలి కాబట్టి, 41 మంది కలిస్తే దాన్ని అడ్డుకోగలరు కాబట్టి. ఆ అరవై అన్న సంఖ్య రాజ్యాంగంలో ఉందా? లేదు, అది సెనేట్ తనకు తాను పెట్టుకున్న నియమం. 1917లో ఈ నియమం మొదలైనప్పుడు మూడింట రెండు వంతులు ఉండేది, 1975లో అయిదింట మూడు వంతులకు తగ్గించారు. అదే విధంగా, మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండాలన్న నియమం దేశంలో ప్రతి రాష్ట్రంలోనూ ఒకేలా ఎందుకు ఉంది అని మీ అబ్బాయిని అడిగి చూడండి. ఫెడరల్ ప్రభుత్వం చట్టం చేసింది కాబట్టి అంటే సగం జవాబే. వయసు నిర్ణయించే అధికారం రాష్ట్రాలదే అయినా, 21 కంటే తక్కువ పెట్టిన రాష్ట్రానికి హైవే నిధుల్లో కోత పెడతామని 1984లో కాంగ్రెస్ చట్టం చేసిందనీ, దక్షిణ డకోటా దాని మీద కోర్టుకెళ్ళి 1987లో సుప్రీంకోర్టులో ఓడిపోయిందనీ చెప్పగలిగితే, డబ్బు సంచి ద్వారా ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాల చేత పనులు చేయించుకునే తీరు అతడికి అర్థమైందన్న మాట. ఆ అవగాహన ఉన్నవాడికి గ్రాంట్ల మీద వచ్చే ప్రశ్నలు వేరేగా చదవనవసరం లేదు.

ఇప్పుడు మీ అమ్మగారి దగ్గరకు వస్తాను. ఆవిడ చేత పిల్లవాడికి పరీక్ష పెట్టించండి. నేను సరదాకు అనడం లేదు. అవిశ్వాస తీర్మానం అంటే ఏమిటో, శాసనసభ రద్దు కావడం అంటే ఏమిటో, మంత్రివర్గ విస్తరణ అంటే ఏమిటో మన ఊళ్ళలో టీవీ వార్తలు చూసే ఏ పెద్దావిడకైనా తెలుసు. రోజూ సాయంత్రం అరగంట, మనవడు ఆ రోజు చదివిన ఒక్క విషయాన్ని అమ్మమ్మకు తెలుగులో చెప్పాలని నియమం పెట్టండి. అతడి తెలుగు ఎలా ఉన్నా ఫరవాలేదు, మధ్యలో ఇంగ్లీషు మాటలు దొర్లినా ఫరవాలేదు. వీడియోలో విన్న ఇంగ్లీషు వాక్యాన్ని మాత్రం అలాగే అప్పజెప్పడానికి కుదరదు, ఎందుకంటే ఆవిడ దాన్ని ఒప్పుకోరు. కంఠతా వచ్చిన వాక్యం ఒక భాష నుంచి మరో భాషలోకి దాటలేదు, అర్థమైన విషయమే దాటుతుంది.

ఆవిడ తప్పకుండా అడిగే మొదటి ప్రశ్న నేను ఇక్కడే ఊహించగలను: "మరి ప్రెసిడెంటు నచ్చకపోతే అవిశ్వాసం పెట్టి దించెయ్యరా?" ఇంతకంటే మంచి ప్రశ్న ప్రశ్నపత్రం తయారుచేసే వాళ్ళకు కూడా తట్టదు. పిల్లవాడు "ఇంపీచ్‌మెంట్ ఉంది కదా" అని ఊరుకుంటే అతడికి ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. మన దగ్గర ప్రధానమంత్రి లోక్‌సభ విశ్వాసం మీద ఆధారపడి పదవిలో ఉంటాడు, ఆ విశ్వాసం పోతే తప్పు చేయకపోయినా దిగిపోవాలి. ఇక్కడ ప్రెసిడెంటు కాంగ్రెస్ వల్ల పదవిలోకి రాలేదు, కాబట్టి విధానం నచ్చనంత మాత్రాన కాంగ్రెస్ అతణ్ణి దించలేదు. రాజద్రోహం, లంచం, అలాంటి తీవ్రమైన నేరాల ఆరోపణ మీద ప్రతినిధుల సభ సాధారణ మెజారిటీతో అభియోగం మోపాలి, సెనేట్ మూడింట రెండు వంతుల ఓట్లతో దోషి అని తేల్చాలి. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒక్క ఓటు తేడాతో బయటపడ్డాడు. ఆ తర్వాత క్లింటన్ మీద 1998లోనూ, ట్రంప్ మీద 2019, 2021లలోనూ అభియోగాలు వచ్చినా సెనేట్ ఎవరినీ దోషిగా తేల్చలేదు. ఇంతవరకు ఏ ప్రెసిడెంటూ ఆ దారిలో పదవి పోగొట్టుకోలేదు. ఆవిడ రెండో ప్రశ్న బహుశా మంత్రుల గురించి ఉంటుంది: "ఎంపీలు కాకుండా మంత్రులు ఎలా అయ్యారు?" ఇక్కడ కాంగ్రెస్ సభ్యుడు సభ్యుడిగా ఉంటూ కేబినెట్‌లో చేరడాన్ని రాజ్యాంగమే నిషేధించిందని, అధికారాల విభజన అన్న మాటకు అసలు అర్థం అదేనని, పిల్లవాడు ఆవిడకు నచ్చేలా చెప్పగలగాలి.

దీనిలో మరో ప్రయోజనం కూడా ఉంది. ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర మీరూ మీ వారూ మాట్లాడుకునే రాజకీయాలు ఎక్కువగా మన పార్లమెంటరీ పద్ధతివే అయి ఉంటాయి. స్పీకర్ అంటే పార్టీలకు అతీతంగా ఉండాల్సిన వ్యక్తి అని అలా వింటూ పెరిగిన పిల్లవాడు, ఇక్కడి ప్రతినిధుల సభ స్పీకరు మెజారిటీ పార్టీ నాయకుడన్న విషయం దగ్గర తడబడటం నేను చూశాను. ఆ రెండు పద్ధతులూ తలలో కలిసిపోయి ఉన్నాయో, విడివిడిగా ఉన్నాయో అమ్మమ్మతో జరిగే సంభాషణలో ఇట్టే తేలిపోతుంది. ఒక పదిహేను సాయంత్రాలు ఇలా గడిస్తే, ఆవిడ ఏ విషయాల దగ్గర "నువ్వు చెప్పింది నాకు తెలియలేదురా" అన్నారో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అతడు మళ్ళీ చదవాల్సిన పాఠాల జాబితా అదే.

ఆ తర్వాతే కాగితం మీద పరీక్ష. ఒక జాగ్రత్త చెబుతాను. కాలేజ్ బోర్డ్ వారి అధికారిక గైడులో ఉండే పూర్తి నమూనా ప్రశ్నపత్రం అసలు పరీక్షకు అన్నిటికంటే దగ్గరగా ఉంటుంది. దాన్ని ఇప్పుడే తెరిచి, రోజుకు పది ప్రశ్నల చొప్పున నమిలెయ్యకండి. ఒకసారి చూసిన ప్రశ్న కొలవడానికి పనికిరాదు, నేర్చుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. మీ అబ్బాయి క్విజ్‌లను మళ్ళీ మళ్ళీ రాసి తెచ్చుకున్న మార్కుల మీద నాకు నమ్మకం లేకపోవడానికి కారణం కూడా ఇదే. రెండోసారి రాసినప్పుడు అతడు జవాబు గుర్తుంచుకున్నాడో, విషయం గుర్తుంచుకున్నాడో ఎవరూ చెప్పలేరు. కాబట్టి బయట దొరికే ఇతర అభ్యాస పుస్తకాల్లోని పూర్తి పత్రాన్ని జూలై మధ్యలో ఒకసారి రాయించండి, అధికారిక పత్రాన్ని రెండు వారాల తర్వాత తెరవండి. శనివారం ఉదయం, డైనింగ్ టేబుల్ మీద, ఫోను మీ చేతిలో పెట్టుకుని, మధ్యలో లేవకుండా 90 నిమిషాలు రాయాలి. అసలు పరీక్ష కంప్యూటరు మీద ఉంటుంది, వదిలేసిన ప్రశ్నను గుర్తు పెట్టుకుని తిరిగి వెనక్కి రావచ్చు. ఆ అలవాటు ఇక్కడే చేయించండి.

రాసేటప్పుడు ఒక చిన్న పని చెప్పండి: జవాబు ఖాయంగా తెలియక, రెండింటి మధ్య ఊగిసలాడి గుర్తించిన ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిలుతో చుక్క పెట్టమనండి. దిద్దేటప్పుడు తప్పుల కంటే ముందు చుక్కలు చూడండి. ఉదాహరణకు నూటికి 72 సరిగ్గా వచ్చాయనుకుందాం, వాటిలో 18 చుక్కలున్నవి అయితే, అతడికి నిజంగా తెలిసినవి 54 మాత్రమే. మరో రోజు అదృష్టం బాగోకపోతే ఆ పద్దెనిమిదిలో సగం జారిపోవచ్చు. అదే 68 వచ్చి, వాటిలో చుక్కలు ఆరే ఉంటే, చూడటానికి మార్కు తక్కువైనా ఆ పిల్లవాడు మొదటి వాడికంటే గట్టిగా ఉన్నాడు. తప్పుల్ని కూడా వాటి కారణాన్ని బట్టి విడదీయమనండి. పేరే వినని విషయమైతే పాఠం మళ్ళీ చదవాలి. "కానిది ఏది" అన్న మాటను చూడకుండా "అయినది" గుర్తించి ఉంటే చదవాల్సింది పాఠం కాదు, ప్రశ్న. 1963 నాటి గిడియన్ తీర్పులో పేదవాడికి కూడా లాయరు ఉండాలన్నారని తెలిసీ, హక్కుల చట్టం (రాజ్యాంగానికి చేసిన తొలి పది సవరణలు) మొదట్లో ఫెడరల్ ప్రభుత్వానికే వర్తించేదని, పద్నాలుగో సవరణ ద్వారా ఒక్కొక్క హక్కుగా రాష్ట్రాలకు వర్తింపజేస్తూ వచ్చారని తెలియక తప్పు చేసి ఉంటే, అది విడి విషయాలు తెలిసినా వాటిని కలిపే దారం తెలియకపోవడం. మూడింటిలోనూ దీన్ని సరిచేయడానికే ఎక్కువ సమయం పడుతుంది. ఆ రకం తప్పులు పది దాటితే ఆగస్టు సంగతి మర్చిపొమ్మంటాను.

క్లెప్ కొలమానంలోని 50 అంటే నూటికి 50 ప్రశ్నలు అని అర్థం కాదు, సరైన జవాబుల సంఖ్యను వేరే లెక్క ప్రకారం ఆ కొలమానంలోకి మారుస్తారు. నేను పెట్టుకున్న గీత ఇది: ఇంతకుముందు చూడని రెండు పత్రాల్లో, రెండింటిలోనూ, 70 శాతానికి తగ్గకుండా రావాలి, రెండోదాంట్లో చుక్కలు మొదటిదాని కంటే తగ్గాలి, సమయం అయిపోయి వదిలేసిన ప్రశ్నలు అయిదుకు మించకూడదు. ఈ గీత కొంచెం కఠినమే. పరీక్షా కేంద్రంలో కొత్త గది, కొత్త కంప్యూటరు, పక్క సీట్లలో తనకంటే పెద్దవాళ్ళు ఉండటం వల్ల పదిహేనేళ్ళ పిల్లవాడు ఇంట్లో రాసిన దానికంటే కొంత తక్కువ రాస్తాడని లెక్కలో వేసుకున్నాను.

మీ ఉత్తరంలో మీ వారి కోరిక ఉంది, మీ భయం ఉంది, మీ ఆడపడుచు కొడుకు ఉన్నాడు, మీ అమ్మగారి కోపం కూడా ఉంది. పరీక్ష రాయాల్సిన పిల్లవాడు ఏమంటున్నాడో ఒక్క వాక్యం కూడా లేదు. అతణ్ణి అడగండి, అయితే "రాస్తావా" అని అడగకండి. నాన్న ముందు అలా అడిగితే మంచి పిల్లలందరూ రాస్తాననే అంటారు. "ఏ పాఠం నీకు బాగా నచ్చింది, ఏది విసుగనిపించింది" అని అడగండి. ఏదో ఒక దాని గురించి అడగకుండానే పది నిమిషాలు మాట్లాడితే అతడికి ఆ విషయం మీద ఇష్టం పుట్టింది. అన్నీ బాగున్నాయి అంటే మీ కోసం చదువుతున్నాడు. మీ కోసం చదివినా 50 రావచ్చు, వచ్చిన వాళ్ళున్నారు. అలాంటప్పుడు కనీసం తేదీ అయినా అతణ్ణే ఎంచుకోనివ్వండి. ఆ తేదీని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పెడితే ఫలితం రోజు హైదరాబాదు నుంచీ న్యూజెర్సీ నుంచీ వచ్చే ఫోన్లకు జవాబు చెప్పాల్సింది వాడే.

ఈ క్రెడిట్ అతడికి నిజంగా పనికొస్తుందా అన్నది కూడా చూసుకోవాలి. టెక్సస్ చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ తీసుకునే వారు ప్రభుత్వ వ్యవస్థ మీద ఆరు క్రెడిట్ గంటలు చదవాలి. మామూలుగా ఇందులో మూడు ఫెడరల్ ప్రభుత్వం మీద ఉండే గవర్నమెంట్ 2305 అనే కోర్సుకు, మూడు టెక్సస్ ప్రభుత్వం మీద ఉండే 2306కు పోతాయి. ఈ క్లెప్ మొదటి దానికి ఉపయోగపడుతుందే తప్ప, టెక్సస్ రాజ్యాంగం భాగాన్ని తీర్చదు. ఇంజనీరింగు చదివినా, కంప్యూటర్ సైన్సు చదివినా ఈ కోర్సు తప్పదు కాబట్టి, రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరే పిల్లవాడికి ఈ మూడు క్రెడిట్లు వృథా కావు. మీరు మనసులో పెట్టుకున్న రెండు మూడు విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో క్లెప్ స్కోరుకు ఏ కోర్సు ఇస్తారో ముందే చూసుకోండి. అలా కాకుండా మీ ఆశ ఐవీ లీగ్ వంటి ప్రైవేటు కాలేజీల మీద ఉంటే, అక్కడ క్లెప్ సాధారణంగా చెల్లదు, దరఖాస్తులో దానికి పెద్దగా బరువు కూడా ఉండదు. అలాంటి చోట్ల చూసేది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ తరగతులు. ఇక్కడి పిల్లలు ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అవే. గవర్నమెంట్ ఏపీ పరీక్షలో బహుళైచ్ఛిక ప్రశ్నలతో పాటు నాలుగు రాత జవాబులు, అందులో ఒక వాదన వ్యాసం ఉంటాయి. పన్నెండో తరగతిలో అతడు ఎలాగూ అది తీసుకునేట్టయితే, అందులో 3 లేదా ఆపైన వస్తే టెక్సస్ ప్రభుత్వ కాలేజీలు సాధారణంగా క్రెడిట్ ఇవ్వాలని 2015 నాటి చట్టం చెబుతోంది. అప్పుడు ఈ వేసవిలో క్లెప్ రాయడం అవసరం కాదు, ఒక సాధన మాత్రమే.

కాబట్టి నేను చేయమనేది ఇది. జూలై నెలంతా అమ్మమ్మ సాయంత్రాలు, పైన చెప్పిన రెండు శనివారాలు. గీత దాటితే, స్కూలు తెరిచే ముందు ఆగస్టు మొదటి వారంలో రాయించండి. దాటకపోతే ఎవరూ ఓడిపోలేదు. పదకొండో తరగతిలో అమెరికా చరిత్ర పూర్తయ్యాక, వచ్చే జూన్‌లో ఇవే పాఠాలు అతడికి సగం శ్రమతో ఎక్కుతాయి. వోచరు మీద గడువు తేదీ ఉంటుంది, అది చూసుకోండి. గడువు దాటిపోయినా బాధపడకండి, పరీక్ష ఫీజు వంద డాలర్ల లోపే, దాని మీద కేంద్రం వాళ్ళ రుసుము కొంత ఉంటుంది. సరైన ఫోటో గుర్తింపు లేకుండా లోపలికి రానివ్వరు కాబట్టి పాస్‌పోర్టు తీసుకెళ్ళండి. రిజిస్ట్రేషన్‌లో రాసే పేరు పాస్‌పోర్టులోని పేరుతో సరిపోవాలి. ఇంటిపేరు ముందో వెనకో, మధ్య పేరు పూర్తిగా రాయాలో పొడి అక్షరమో అన్న దగ్గర మన పిల్లల పేర్లు తారుమారవుతుంటాయి, ఆ ఒక్కటి మాత్రం మీరు కూర్చుని అక్షరం అక్షరం సరిచూడండి.